తొమ్మిదో గడి

మన టర్నర్ల గ్రూపులో చాలామంది అడుగుతున్నారు, దానియేలన్నా, కాలేజీలో చేరావంట గదా, ఎట్టా ఉంది, ఆ తొడుగు వేసుకుంటే నొప్పి పుడతదా, మన వయసోళ్ళకి ఎక్కుతదా అని. ఒక్కొక్కళ్ళకీ విడిగా చెప్పే ఓపిక లేక మొత్తం ఇక్కడే రాస్తన్నా. కాస్త పొడుగైద్ది. టీ తెచ్చుకుని కూర్చోండి. రాతలో తప్పులుంటే సర్దుకోండి, నా చదువు తొమ్మిదో తరగతి సగంలో ఆగింది.

నొప్పి పుట్టదు. అది ముందే చెప్పేస్తన్నా.

నా సంగతి తెలీనోళ్ళ కోసం రెండు ముక్కలు. నేను ఆటోనగర్లో ముప్పై రెండేళ్ళుగా లేత్ మీద పని చేస్తన్నా. మస్తాను గారని పెద్ద మేస్త్రీ, ఆయన దగ్గర నేర్చుకున్నా. ఆయన మొట్టమొదట నేర్పింది ఒకటే. కుడి చెయ్యి హ్యాండిల్ మీద, ఎడం చెయ్యి జాబు మీద, అదే మనం చెక్కే ఇనప ముక్క మీద. మిషను ఆపినాక ఎడం చేతి బొటనవేలు జాబు మీద పెట్టి చూడాలి. నున్నగా వచ్చిందా, ఎక్కడన్నా గీత పడిందా, వేలే చెప్పాలి. కుడి చెయ్యి కూలోడురా, ఎడం చెయ్యి మేస్త్రీ అనేవోడు. అందుకే మా బ్యాచ్ వోళ్ళందరికీ ఎడం చేతి బొటనవేలు కళ్ళున్నట్టే ఉంటది.

పోయినేడు మా ఓనరు కొత్త మిషన్లు నాలుగు దించాడు. అవి సర్టిఫికెట్టు కాగితం లేనోణ్ణి దగ్గరికి రానియ్యవు. మాటకి అన్లా, నిజంగానే రానియ్యవు. దాని తలుపు మీద అరచెయ్యి పెట్టాలి. ఇంజనీరింగ్ టెక్నాలజీ చదివిన చెయ్యి అయితేనే తలుపు తెరుచుకుంటది. నేను పెట్టి చూశా. ఎర్ర లైటు వెలిగింది. ముప్పై రెండేళ్ళ చేతికి ఎర్ర లైటు. పక్కనున్న కుర్రోళ్ళు నవ్వలేదు, అదే ఇంకా బాధేసింది.

అట్టా యాభై రెండేళ్ళకి కమ్యూనిటీ కాలేజీలో చేరా. మధ్యాన్నం రెండు నుంచి అయిదు దాకా క్లాసులు. బ్యాచ్‌లో ఇరవై రెండు మందిమి. మొదటి రోజు నేను లోపలికి అడుగు పెడితే అందరూ లేచి నిలబడ్డారు, సారు వచ్చాడనుకుని. నేను పోయి ఆఖరి బెంచీలో కూర్చున్నా. పక్కన గౌస్య అని ఒకమ్మాయి. వాళ్ళ నాన్నది రేడియేటర్ల షాపు. చేతుల నిండా ఎప్పుడూ గోరింటాకు డిజైన్లు. సైన్ తీటా, కాస్ తీటా నాకు ఆ పిల్లే చెప్పింది. "అంకుల్, నిచ్చెన గోడకి ఆనించారనుకోండి" అని మొదలెట్టేది. నిచ్చెన అంటే నాకు అర్థమైద్ది. తీటా అంటేనే కాదు.

ఇక తొడుగు సంగతి. అది చూడ్డానికి మోటారు సైకిలోళ్ళు వేసుకునే గ్లౌజు లాగే ఉంటది. లోపల మాత్రం వెంట్రుకల్లాంటి తీగలు. కోయంబత్తూరులో ఎవరో పెద్ద మేస్త్రీ, ఆయన పని చేస్తంటే ఆయన చేతి కదలికని మొత్తం పట్టేసి దాంట్లో పెట్టారంట. మనం వేసుకుంటే ఆయన చెయ్యి మన చెయ్యిని నడిపిస్తది. రోజుకో గంట, నలభై రోజులు. నలభై రోజులైనాక తొడుగు తీసేసినా ఆయన పనితనం మన చేతిలోనే ఉంటది. ఆయన పేరేంటని అడిగా. ఎవరికీ తెలీదు.

వేసుకోబోయే ముందు ఒక ఫారం ఇచ్చారు. పదకొండు గడులు. పేరు, ఊరు, బీపీ ఉందా, షుగరుందా, ఏ చేతికి వేసుకుంటారు. అందరూ కుడి అని రాస్తే నేనొక్కణ్ణే ఎడం అని రాశా. తొమ్మిదో గడిలో ఏముందంటే, ఈ చేత్తో మీరు ప్రత్యేకంగా చేసే పని, పోకుండా కాపాడాల్సింది ఏమన్నా ఉందా అని.

ల్యాబు చూసేది ఇందుమతి మేడం. ముప్పై అయిదేళ్ళుంటాయేమో. ఆమె బోర్డు మీద ఒక గది బొమ్మ గీసి చెప్పింది. మెదడులో మన చేతికి ఒక గది ఉంటదంట. కొత్త సామాను దించాలంటే ఉన్న సామాను కొంత బయట పెట్టాలి. ఏది పారెయ్యకూడదో మనం చెప్తే దానికి తాళం వేస్తారు. చెప్పనిదాన్ని తొడుగు చెత్తనుకుని ఊడ్చేస్తది.

గౌస్య గోరింటాకు అని రాసింది. తొడుగు తగిలించి పది నిమిషాలు కాగితం మీద కోనుతో డిజైన్లు వేయించారు, తాళం పడింది. ఇంకొకడు డప్పు అన్నాడు, ల్యాబులోనే వాయించాడు, పక్క క్లాసు వోళ్ళు వచ్చి చూశారు. ఒకడు క్యారంబోర్డు.

నా పెన్ను తొమ్మిదో గడి మీద ఆగింది. రాయాల్సింది ఉంది. నాకు తెలుసు.

ఏంటో చెప్తా.

మా ఆవిడ ఎస్తేరు. ఆరేళ్ళ క్రితం పక్షవాతం వచ్చింది. కుడి పక్క మొత్తం పడిపోయింది, మాట పోయింది. అక్షరాలు కూడా పోయినయ్, పలక ఇస్తే గీతలు గీసేది. మనం చెప్పేది మాత్రం అంతా అర్థమైద్ది. ఆస్పత్రిలో బొమ్మల అట్ట ఇచ్చారు, నీళ్ళ గ్లాసు బొమ్మ, మంచం బొమ్మ, వేలు పెట్టి చూపించమని. రెండో రోజే దాన్ని కిటికీలోంచి విసిరేసింది. ఆవిడ ముందు నుంచీ అంతే. పెళ్ళైన కొత్తలో చర్చి పాటల్లో నేను శృతి తప్పుతున్నానని అందరి ముందే నా నోరు మూసింది.

నేను రోజూ సాయంత్రం పక్కన స్టూలేసుకుని కుడి చేత్తో అన్నం పెట్టేవోణ్ణి. ఎడం చెయ్యి ఊరకే మంచం మీద ఉండేది గదా, దాన్ని ఆవిడ మంచి చేత్తో పట్టుకునేది. మొదట్లో ఊరకే పట్టుకునేది. తర్వాత్తర్వాత నొక్కేది. వేడి, చాలు, ఉప్పు తక్కువ. ఆనక ఇంకా పెద్ద పెద్ద మాటలు. పక్కింటి మార్తమ్మ ఇవాళ మొగుడి మీద కోపంగా ఉంది. నువ్వు బీడీ తాగావు. మా అమ్మ గుర్తొస్తంది. ఇన్ని నొక్కులకి ఇది అని లెక్కేం లేదు. ఒకసారి నొక్కినట్టు ఇంకోసారి నొక్కదు. కానీ నాకు తెలిసిపోయేది. ఎట్టా అంటే చెప్పలేను, మీ ఆవిడ వంటింట్లో గిన్నె పెట్టిన చప్పుణ్ణి బట్టి కోపంగా ఉందని మీకెట్టా తెలుస్తదో అట్టా. ఆరేళ్ళు మా ఇంట్లో మాటలు అట్టానే నడిచినయ్. బయటోళ్ళకి మాది మూగ ఇల్లు. లోపల మేం పోట్లాడుకునేవోళ్ళం కూడా.

అన్నం అయిపోయినాక ఆఖర్న ఒకటుండేది. మూడు చిన్న నొక్కులు, వెంటనే ఒక పొడుగు నొక్కు, వేలు పట్టుకుని లాగినట్టు. ఇదొక్కటి మాత్రం ఎప్పుడూ ఒకేలా ఉండేది. అది నొక్కగానే నాకు నవ్వొచ్చేది. రోజూ వచ్చేది. దాని అర్థం ఇదీ అని నేనెప్పుడూ నోటితో అనుకోలేదు. అవసరం రాలేదు.

మరి ఆ గడిలో ఇదంతా ఏమని రాస్తాం? మా ఆవిడ చెయ్యి పట్టుకుంటానని రాస్తామా? పక్కన ఆడపిల్ల కూర్చుంది. రాస్తే మళ్ళీ పది నిమిషాలు చేసి చూపించమంటారు. ఎస్తేరుని మంచంతో సహా ల్యాబుకి తేవాలా? ఇరవై మంది ముందు పెళ్ళాం చెయ్యి పట్టుకుని కూర్చోవాలా?

"మీరేం రాశారంకుల్?" అంది గౌస్య.

"నాకేముంటాయమ్మా" అన్నా.

లేదు అని రాసి సంతకం పెట్టా.

తొడుగు బాగుంది. ఒట్టు, బాగుంది. మొదటి రోజు ఆ మేస్త్రీ చెయ్యి నా చేతి లోపలికి వచ్చినప్పుడు ఎవరో పెద్దమనిషి పక్కన కూర్చున్నట్టుంది. నేను గట్టిగా పట్టుకునే చోట ఆయన మెత్తగా పట్టుకుంటాడు. నేను తొందరపడే చోట ఆగుతాడు. మస్తాను గారు పోయినాక నన్ను అట్టా ఆపినోడు లేడు. పది రోజులకి నా బొటనవేలికి తల వెంట్రుకలో పదోవంతు తేడా కూడా తెలవడం మొదలెట్టింది. నేను వేలితో సైజు చెప్పడం, గౌస్య మైక్రోమీటరు పెట్టి చూడ్డం, అదొక ఆటైపోయింది. ఒక్కసారీ తప్పలేదు.

పన్నెండో రోజు సాయంత్రం ఎస్తేరు నొక్కింది, నేను దుప్పటి కప్పా. ఆవిడ నా మొహంలోకి చూసింది. మళ్ళీ నొక్కింది. అప్పుడు తెలిసింది, నీళ్ళు. అలిసిపోయి ఉంటా అనుకున్నా. పొద్దున షాపు, మధ్యాన్నం కాలేజీ, అలుపే గదా అనుకున్నా.

రెండ్రోజులాగి మళ్ళీ తప్పా. ఆ వారం నాలుగు సార్లు. గొంతు అరిగిపోయిన రేడియో లాగా ఆవిడ మాట ముక్కలు ముక్కలుగా వచ్చేది. ఆనక ఆ ముక్కలు కూడా రాలేదు. దాని చోట వేరేది వచ్చింది. ఎస్తేరు వేలు నా అరచేతిలో దిగితే, ఎంత లోతు దిగిందో తెలుస్తంది. వేలి చివర ఎంత వెడల్పుందో తెలుస్తంది. చూపుడు వేలి కన్నా ఉంగరం వేలు ఎంత సన్నమో వెంట్రుకలో వంతుతో సహా తెలుస్తంది. ఏమంటందో తెలీట్లేదు.

ఇరవై ఎనిమిదో రోజు ల్యాబులో మేడం ఒక బేరింగు గొట్టం ఇచ్చింది. వేలు లోపల పెట్టి తిప్పి, ఇది గుండ్రంగా లేదు మేడం, కోడిగుడ్డు లాగా సాగింది, ఇంత అని చెప్పా. పెద్ద మిషను మీద పెట్టి చూస్తే నేను చెప్పిందే వచ్చింది. క్లాసంతా చప్పట్లు. డప్పు కొట్టే కుర్రోడు బల్ల మీద దరువేశాడు. ఆ చప్పట్లు చెవుల్లో పెట్టుకునే ఇంటికొచ్చా.

నేను లేనప్పుడు ఎస్తేరుని చూసుకునే మార్తమ్మ అప్పుడే వెళ్ళిపోయింది. నేను కూర్చోగానే ఎస్తేరు నా చెయ్యి పట్టుకుని గబగబా నొక్కింది. నీళ్ళిచ్చా. తల తిప్పేసింది. ఫ్యాను పెంచా. నొక్కింది. దిండు సర్దా. నొక్కింది, గోళ్ళు దిగేట్టు నొక్కింది. ఏంటే, ఏం కావాలే అని నేను విసుక్కున్నా కూడా. కాసేపటికి ఆపేసింది. అప్పుడు చూశా, పక్క తడిసిపోయింది.

ఆరేళ్ళలో ఒక్కసారి కూడా అట్టా జరగలేదు. నేను పక్క మార్చేంత సేపూ ఆవిడ గోడ వైపే చూసింది. మర్నాటి నుంచి నన్ను ఏదీ అడగడం మానేసింది. అన్నిటికీ మార్తమ్మ వచ్చేదాకా ఆగేది. మార్తమ్మకి నొక్కులు రావు, అయినా ఆవిడైతే అన్నీ వరసగా అడుగుతది, ఇదా వదినా, అదా వదినా అని. నేనూ అడగొచ్చు. కానీ ఆరేళ్ళు అడక్కుండా తెలుసుకున్న మొగుడు ఇప్పుడు అడిగితే ఆవిడకి ఎట్టా ఉంటది?

మేడం దగ్గరికి పోయా. అందరూ వెళ్ళిపోయేదాకా ఆగి చెప్పా. తల దించుకుని మొత్తం చెప్పా. ఆమె కంప్యూటర్లో నా ఫారం తెరిచింది. తొమ్మిదో గడిలో నా చేతిరాత. లేదు.

"ఇంత ఉంటే ఎందుకు రాయలేదండీ?" అంది.

"ఏమని రాయాలమ్మా?" అన్నా.

ఆమె ఆ గడి మీద వేలు పెట్టింది. తర్వాత తన సంగతి చెప్పింది. ఈ తొడుగు మొట్టమొదట వేసుకుని చూసిన ఎనిమిది మందిలో తనొకతంట. అప్పుడు ఫారంలో ఆ గడే లేదు. నెల తిరిగేసరికి ఆమెకి చపాతీ ఒత్తడం పోయింది, ఇప్పటికీ ఇండియా మ్యాపు లాగే వస్తదంట. ఇంట్లో అందరూ నవ్వారు, తనూ నవ్వింది. పై వోళ్ళకి రాస్తే ఆ గడి పెట్టారు. చపాతీలు పోతే కొనుక్కోవచ్చు దానియేలు గారూ, ఇట్టాంటిది పోతదని నాకు తట్టలేదు అంది. కళ్ళజోడు తీసి తుడిచింది, మళ్ళీ తుడిచింది.

ఇప్పుడు ఆపేస్తే వెనక్కొస్తదా అని అడిగా. కొత్తది కొంత చెదురుతది గానీ పాతది రాదంది. ముందే పట్టి పెట్టలేదు గనక దాని నకలు ఎక్కడా లేదు. నా చేతిలో తప్ప ఎక్కడా లేదు, నా చేతిలో ఊడ్చేశారు.

మిగతా రోజులు కూడా వెళ్ళా. ఎందుకంటే ఆపినా ఏం రాదు. అంతకన్నా నిజం చెప్పాలంటే, ఆ గంటన్నా నా చేతిలో ఇంకో మనిషి చెయ్యి ఉన్నట్టుండేది. పేరు తెలీని మేస్త్రీ. ఆయనకి పెళ్ళాం ఉందో లేదో, ఆయన చెయ్యి ఎవరన్నా పట్టుకునేవోళ్ళో కాదో. ఆయన చేతిలో కూడా అట్టాంటిది ఏమన్నా ఉండి ఉంటే, దాన్ని చెత్తని ఏరేసి మాకిచ్చి ఉంటారు. కొన్ని రోజులు లేత్ పక్కన నిలబడి ఆయనతోనే మాట్లాడుకున్నా, లోపల్లోపల.

పరీక్షలో ఫస్టొచ్చా. లెక్కల్లో కాదులెండి, లెక్కల్లో గౌస్య పుణ్యాన గట్టెక్కా. చేతి పనిలో ఫస్టు. షాపుకి పోయి కొత్త మిషను తలుపు మీద ఎడం చెయ్యి పెట్టా. పచ్చ లైటు వెలిగి తలుపు తెరుచుకుంది. మా ఓనరు స్వీట్లు పంచాడు.

ఇంటికొచ్చి సర్టిఫికెట్టు ఎస్తేరు ఒళ్ళో పెట్టా. దాని మీద ఫోటోని వేలితో తడిమింది. చాన్నాళ్ళకి మొహంలో నవ్వు లాంటిది కనపడింది. నా ఎడం చెయ్యి తీసుకుంది. మూడు చిన్న నొక్కులు, ఒక పొడుగు నొక్కు, వేలు పట్టుకుని లాగినట్టు.

నేను నవ్వా. రోజూ నవ్వేవోణ్ణి గదా, అట్టానే నవ్వా.

ఆవిడ నా మొహాన్ని చూస్తానే ఉంది. ఇరవై ఏడేళ్ళ కాపరం. ఏ నవ్వు దేనికొచ్చిందో ఆవిడకి తెలవకుండా ఉంటదా. నా నవ్వు నా మొహం మీదే ఎండిపోయింది.

"తెలవట్లేదే ఎస్తేరూ. ఏదీ తెలవట్లేదు. కాలేజీలో పోగొట్టా" అన్నా.

ఫారం సంగతి కూడా చెప్పా. లేదు అని రాశానని చెప్పా. దాచొచ్చు, కానీ చెప్పా. ఆవిడ నా చెయ్యి వదిలేసి తన చెయ్యి దుప్పటి లోపల పెట్టుకుంది.

రెండ్రోజులు ఆ చెయ్యి బయటికి రాలేదు. అన్నం తినేది, నోరు తెరిచేది, మూసేది, అంతే. మా ఇల్లు అప్పుడు నిజంగా మూగ ఇల్లైంది. గోడ గడియారం చప్పుడు కూడా పెద్దగా వినపడేది. పడిపోయింది ఆవిడ అయినా, మాట పడిపోయింది నాకే అనిపించింది.

మూడో రోజు సాయంత్రం పప్పన్నం కలిపి మొదటి ముద్ద ఎత్తా. ఆవిడ దుప్పట్లోంచి చెయ్యి తీసి నా కుడి మణికట్టు పట్టుకుంది. ముద్ద తీసి కంచంలో పడేసింది. కొంగు అంచుతో నా వేళ్ళు తుడిచింది, ఒక్కొక్కటీ, చిన్న పిల్లోడికి తుడిచినట్టు. తుడిచి, నా కుడి చేతిని మంచం మీద వెల్లకిలా పెట్టింది. ఒక్కసారి నొక్కింది. నీళ్ళ గ్లాసు వైపు చూసింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ గ్లాసు వైపు చూసింది.

నాకప్పటికి అర్థమైంది. ఎడం చేతిలో వేరే మేస్త్రీ కాపరం ఉన్నాడు, ఇక్కడ ఎవరూ లేరు గదా, ఇక్కడ మొదలెడదాం అంటంది.

నా కుడి చెయ్యి సంగతి మీకు తెలుసు, ముప్పై రెండేళ్ళు హ్యాండిల్ తిప్పిన చెయ్యి. కాయలు కాసి మొద్దుబారి ఉంటది. నొక్కితే నొక్కినట్టు కూడా తెలవదు. మొదటి వారం ఒక్క ముక్క ఎక్కలేదు. సైన్ తీటా నయం. తప్పు చేస్తే గోరుతో గిల్లుద్ది. మస్తాను గారు కూడా అన్ని సార్లు గిల్లలేదు నన్ను.

కుడి చెయ్యి ఆవిడ దగ్గరుంటది గనక ఇప్పుడు ఎడం చేత్తోనే అన్నం పెడుతున్నా. మార్తమ్మ చూసి బుగ్గలు నొక్కుకుంది. ఎడం చేత్తో అన్నమేంటన్నయ్యా, పాపం కాదూ అని రెండ్రోజులు గొడవ చేసింది. ఎస్తేరు పట్టించుకోలేదు, నోరు తెరిచింది. ఆ చెయ్యి ఎంత సరిగ్గా పెడతదంటే ఒక్క మెతుకు కింద పడదు. ముద్ద రోజూ ఒకటే సైజు, కావాలంటే మైక్రోమీటరు పెట్టి చూసుకోండి.

నాలుగు నెలలైంది. నా కుడి చేతికి ఇప్పటికి నాలుగు మాటలొచ్చినయ్. నీళ్ళు, చాలు, పక్కకి తిప్పు. నాలుగోది పోయిన వారమే వచ్చింది, దొంగ అని. బీడీ తాగొచ్చిన రోజు.

కాబట్టి తమ్ముళ్ళూ, కాలేజీలో చేరండి. మంచి చదువు, మేడం మంచిది, లెక్కలకి భయపడొద్దు, నిచ్చెన అనుకోండి. తొమ్మిదో గడి దగ్గర మాత్రం పెన్ను ఆగితే, ఆగిందే రాయండి. పక్కన ఎవరు కూర్చున్నా సరే. నవ్వితే నవ్వనీండి.

ఆ మూడు చిన్న నొక్కులూ, పొడుగు నొక్కూ ఏంటో నాకింకా తెలీదు. ఒక రోజు నేనే ఆవిడ అరచేతిలో అట్టా నొక్కి, ఇదేంటే అని అడిగా. నా వేళ్ళు మెల్లగా మడిచి, నా గుప్పిట నాకే మూసి ఇచ్చింది. అది ఇప్పుడే చెప్పదంట.